బావిలో ఆరిన బీడీ

సింగరేణి చరిత్ర వ్రాసేవారు 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతాన బొగ్గును కనుగొనడాన్నీ, 1889లో తవ్వకం మొదలుకావడాన్నీ తప్పక ప్రస్తావిస్తారు. కార్మికుని మొలలోని బీడీకట్టను గూర్చి వ్రాసేవారు అరుదు.

బొగ్గు పొరలలో మీథేన్ వాయువు దాగి ఉంటుంది. గాలిలో అది సుమారు 5 నుండి 15 శాతం కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. 1815లో హంఫ్రీ డేవీ దీపజ్వాల చుట్టూ తీగెవల అమర్చినది అందుకే. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు బీడీని, అగ్గిపెట్టెను బావిలోనికి తీసికొనిపోరాదన్నాయి. 1965 మే 28న నాటి బిహారులోని ధోరీ గనిలో సంభవించిన పేలుడుకు 268 మంది బలైనారు. కనుక ఆ నిషేధాన్ని తప్పుపట్టలేము.

అయితే బీడీ అంటే పొగ మాత్రమే కాదు, తట్ట దించి నడుము వాల్చే అవకాశం కూడా. మా ఇబ్రహీంపట్నంలో స్థిరపడిన ఒక విశ్రాంత గనికార్మికుడు ఈ సంగతిని నాకంటె చక్కగా చెప్పాడు: "బీడీ తాగెటోడు కూసుంటే ఎవ్వరేమనరు సారూ. ఉత్తగ కూసుంటే ఎందుకు కూసున్నవంటరు."

1952 నాటి గనుల చట్టం ఉపరితల కార్మికులను విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదనీ, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వవలెననీ చెప్పింది. భూగర్భ కార్మికులకు రోజుకు 8 గంటల పరిమితి విధించిందే కాని, ఆ అరగంటను ప్రస్తావించలేదు.

నిప్పును ఆపడం ధర్మమే. నిప్పుతోపాటు పోయిన ఆ కాస్త విరామాన్ని వేరొక పేరుతోనైనా తిరిగి ఇవ్వడం కూడా ధర్మమే కదా!