పుష్పాసవాల్లో తేట, మడ్డి: గృహసంధాన చరిత్రపై ఒక పరిశీలన

భారతదేశంలో మద్యచరిత్ర ఎక్కువగా రాజాదాయ చరిత్రగానో, నిషేధోద్యమ చరిత్రగానో రచింపబడింది. పువ్వును ఏరి, చెరిగి, పులియబెట్టి, తేర్చే ఇంటిపని ఆ రెండింటిలోనూ చోటు దక్కించుకోలేదు. ఈ పనిలో అడుగడుగునా ఎదురయ్యేది మాలిన్యం. దానిలో ఏది తీసివేయాలి, ఏది నిలుపుకోవాలి అనే వివేకమే పుష్పాసవ విద్యకు మూలం. ఆ వివేకం ఎక్కడ పెరిగింది, ఎందువల్ల చెదిరింది అన్నది ఇప్పపువ్వు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం తొమ్మిది రకాల మూలద్రవ్యాల నుంచి తయారయ్యే 84 ఆసవాలను పేర్కొంటుంది. వాటిలో పుష్పాసవాలు 10. తామర, కలువ జాతులతో పాటు మధూకం, ప్రియంగువు, ధాతకి ఆ జాబితాలో ఉన్నాయి. మధూకమే మన ఇప్ప. చికిత్సాస్థానంలోని గ్రహణీ ప్రకరణం మధూకాసవ విధానాన్ని వివరిస్తుంది. పూలను ఇతర ద్రవ్యాలతో నీటిలో కాచి, చల్లారిన కషాయంలో తేనె కలిపి, సుగంధద్రవ్యాలు పూసిన కుండలో నెలరోజులు నిలవ ఉంచాలని అందులో ఉంది. కాచడం వల్ల పువ్వు సారం కషాయంలోకి దిగుతుంది, పిప్పి వేరవుతుంది. అంటే శుద్ధి ఇక్కడ పులియడానికి ముందే మొదలవుతుంది.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని సురాధ్యక్ష ప్రకరణం ఈ విషయాన్ని మరో కోణం నుంచి చూపుతుంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అనే ఆరు రకాలను అది చెబుతుంది. సురకూ కిణ్వానికీ సంబంధించిన ‘విచయం’ స్త్రీలు, పిల్లలు చేయాలని విధిస్తుంది. విచయమంటే వెదకి ఏరడం. సేకరణ అని అర్థం చెప్పుకున్నా, మంచిచెడులను వేరుచేసే చూపు ఆ మాటలోనే ఉంది. మద్యంపై రాజ్యాధికారాన్ని గట్టిగా నిలిపిన ఈ గ్రంథమే గృహస్థులు శుభకార్యాలకు శ్వేతసురను, ఔషధానికి అరిష్టాన్ని తయారుచేసుకోవడానికి అనుమతించింది. ఉత్సవాలకు, యాత్రలకు నాలుగు రోజుల వెసులుబాటు ఇచ్చింది.

నిఘంటు సాక్ష్యం కూడా గమనింపదగినది. అమరకోశం శూద్రవర్గంలో సురాపర్యాయాల నడుమ ‘ప్రసన్న’ ఉంది. సురామండానికీ, కిణ్వానికీ వేర్వేరు పేర్లున్నాయి. ప్రసన్న అంటే తేరుకున్నది. తెలుగులో నీరు తేరుకుంటుంది, కల్లు తేరుకుంటుంది, మూర్ఛపోయిన మనిషీ తేరుకుంటాడు. కలత అణగి తేట పైకి రావడమే ఈ మూడింటిలో సమానం. పాత్రలోని స్థితిని మనస్సుకు అన్వయించడంలో సంస్కృత, తెలుగు భాషలు రెండూ ఒకే దారి పట్టాయి.

ఇప్పపువ్వు విషయంలో మాలిన్యం చెట్టుకిందే మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి విచ్చిన పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కండగల ఆకర్షణపత్రావళితో పాటు కేసరాలూ రాలుతాయి. పువ్వు కనబడేందుకు చెట్టుకింది ఎండుటాకులను ఊడ్చి కాల్చడం వాడుక. అందువల్ల ఇసుక, ఆకుముక్కలతో పాటు బూడిద, బొగ్గునలుసు కూడా పువ్వుకు అంటుకుంటాయి. ఎండిన పువ్వును నలిపి, చేటతో చెరిగితే కేసరాలు, దుమ్ము పోతాయి. ఇది మొదటి శుద్ధి.

రెండవ దశలో లెక్క మారుతుంది. పులిసేటప్పుడు పుట్టే వాయువు పూరేకులను పైకి నెట్టి తెట్టు కట్టిస్తుంది. దానిని కలిపి ముంచకపోతే గాలి తగిలి బూజు పడుతుంది, పులుపు ఎక్కుతుంది. అడుగున దిగే మడ్డి మాత్రం కేవలం చెత్త కాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో పాశ్చర్ పరిశోధనలు చూపినట్లు, పులియడం సజీవకణాల పని. ఆ కణాలు మడ్డిలో పేరుకుంటాయి. మరో విడతకు మడ్డిని తోడుగా వాడే ఆచారానికి ఆధారం ఇదే. ఒక విడతకు విసర్జ్యమైనది మరో విడతకు బీజమవుతుంది.

ఆసవంలో తేటకు దారి నిరీక్షణ. వాసెన కట్టి కుండను కదపకుండా ఉంచి, పైతేటను వంచుకోవాలి. బట్టీలో ఆ పనిని ఆవిరి చేస్తుంది. పిప్పి కుండలోనే మిగిలిపోతుంది. అయినా అడుగంటిన పువ్వు మాడితే ఆ వాసన సారాలోకి ఎక్కుతుంది. కనుక బట్టీ మాలిన్యాన్ని తొలగించినా, జాగ్రత్తను తొలగించలేదు.

వలస ప్రభుత్వ చట్టాలు ఈ గృహవిద్య పునాదిని కదిలించాయి. బొంబాయి ప్రెసిడెన్సీ 1892లో చేసిన మౌరా చట్టం ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు సేకరణను, నిలవను నియంత్రించింది. సారా మాత్రమే కాదు, ఆహారమూ పశువుల మేతా అయిన పువ్వే అనుమానాస్పద వస్తువైంది. మన్యంలో 1879 నాటి రంప తిరుగుబాటుకు కల్లుపై విధించిన చిగురుపన్ను ఒక ముఖ్యకారణం కావడం ఇదే ధోరణికి మరో రూపం. చాటుగా, తొందరగా చేయవలసి వచ్చిన పనిలో మొదట నష్టపోయేది చెరగడానికీ తేరడానికీ పట్టే కాలమేనని ఊహించడం అసంగతం కాదు.

స్వతంత్ర భారతంలో 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు మత్తుపానీయాల నియంత్రణాధికారాన్ని, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని కల్పించింది. నిషేధించే హక్కు, నిలుపుకొనే హక్కు రెండూ ఒకే సభకు దక్కడం ఇందులోని విశేషం. అర్థశాస్త్రం రాజు దయగా ఇచ్చిన వెసులుబాటుకూ, పెసా సముదాయానికి గుర్తించిన అధికారానికీ భేదం స్పష్టం.

మద్యపానం తెచ్చిన గృహకష్టాలు తక్కువవి కావు. వాటిని చిన్నబుచ్చడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. అయితే మద్యాన్ని సమష్టిగా మాలిన్యమని తోసివేసే చరిత్రరచన, దానిలోనే ఉన్న ఏరివేత విద్యను కూడా పారబోస్తుంది. చేటలో నిలిచిన పువ్వు, కుండ అడుగున మిగిలిన మడ్డి, మీదికి వచ్చిన తేట – ఈ మూడూ కలిస్తేనే పుష్పాసవ చరిత్ర సమగ్రమవుతుంది.