పసివాని ఊపిరికి పొగాకు సొమ్ము

పొగాకు వ్యాపారులు శాస్త్రపరిశోధనకు ధనము వెచ్చించుట క్రొత్తవిషయము కాదు. సిగరెట్టునకును ఊపిరితిత్తుల రాచపుండునకును గల సంబంధమును వైద్యులు బయటపెట్టగా కలవరపడిన అమెరికా కంపెనీలు, 1954 జనవరిలో వందలకొలది పత్రికలయందు ప్రకటన వేయించి, ప్రజారోగ్యమే తమకు సర్వోపరియని చెప్పుకొని, ఒక పరిశోధక సంఘమును నెలకొల్పినవి. దానిచే పోషింపబడిన విద్వాంసులలో యోగ్యులు లేకపోలేదు. కాని జనుల మనస్సులలో సందేహమును చావనీయకుండుటయే దాని ముఖ్యప్రయోజనమని, దశాబ్దముల తరువాత కోర్టుల కెక్కిన లోపలి లేఖలు తేటపరచినవి.

పసిపిల్లల సంగతి వేరొక దారిని బయటికి వచ్చెను. జెరూసలేము నగరమందు పదివేలకు పైబడిన శిశువుల ఆసుపత్రి లెక్కలను పరిశీలించిన వైద్యులు, సిగరెట్టు త్రాగు తల్లుల బిడ్డలే బ్రాంకైటిసు, న్యుమోనియాలతో ఎక్కువగా ఆసుపత్రి చేరుచున్నారని 1974లో వెల్లడించిరి. పొగ గిట్టని పెద్దవాడు లేచి వీధి అరుగుమీదికి పోగలడు. ఆరునెలల బిడ్డ ఉయ్యెల విడిచి ఎచటికి పోవును? 1992లో అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ, ఒకటిన్నర యేండ్లలోపు శిశువులకు ఏటేట కలుగు శ్వాసరోగములలో లక్షన్నర మొదలు మూడు లక్షల వరకు పరుల పొగవలననే కలుగుచున్నవని గణించెను.

నివేదికలు వెలువడినంతనే నిధులు రావు. 1988లో కాలిఫోర్నియా ఓటర్లు సిగరెట్టు పెట్టెకు 25 సెంట్ల పన్ను పెంచి, అందులో నూటికి ఐదువంతులు పరిశోధనకే చెల్లవలెనని తీర్మానించిరి. ప్రభుత్వము ఆ సొమ్మును వేరు పనులకు మళ్ళింపజూడగా, దానికై మరల కోర్టులలో పోరాడవలసి వచ్చెను.

అంతకంటె చిత్రమైనది విమానపరిచారికల కథ. ఆ కాలమున విమానములలో కొన్ని వరుసలు పొగత్రాగువారికి ప్రత్యేకింపబడుచుండెను గాని, నడుమ గోడ లేదు. లోపల తిరుగు గాలి అందరికిని ఒక్కటే. ప్రయాణికుడు కొన్ని గంటలలో దిగిపోవును. ట్రేలు పట్టుకొని ఇటునటు తిరుగు పరిచారికకు ఆ పొగ నిత్యభోగము. సిగరెట్టు అలవాటే లేని నార్మా బ్రోయిన్ అను పరిచారికకు 1989లో ఊపిరితిత్తుల రాచపుండు బయటపడెను. ఆమె ముందు నిలువగా, వేలాది పరిచారికల పక్షమున, స్టాన్లీ, సూసన్ రోజెన్‌బ్లాట్ అను న్యాయవాద దంపతులు 1991లో మయామీ నగరమందు దావా వేసిరి. విచారణ నెలల తరబడి సాగిన పిదప, 1997 అక్టోబరులో రాజీ కుదిరెను. పరిశోధనాసంస్థ యొకటి స్థాపించుటకు కంపెనీలు 30 కోట్ల డాలర్లు చెల్లింపవలెను; న్యాయవాదుల ఫీజు వేరుగా ముట్టును; పరిచారికలకు మాత్రము ఎవరికి వారు మరల దావా వేసికొను హక్కు మిగిలెనే గాని చిల్లిగవ్వ చేతికి రాలేదు. కొందరు సహింపలేక అప్పీలుకు పోయిరి. వారి కోపము నాకు న్యాయముగనే తోచును.

అప్పీళ్ళు తీరిన పిమ్మట విమానపరిచారికల వైద్యపరిశోధనాసంస్థ పనికి పూనుకొనెను. దాని ధనముతోనే అమెరికా బాలవైద్యుల పరిషత్తు 2006లో, బాలవైద్యుడును పూర్వపు సర్జన్ జనరలును అయిన జూలియస్ రిచ్‌మండ్ పేర, పిల్లలను పొగాకు బారినుండి కాపాడు మార్గములను శోధించు కేంద్రమును స్థాపించెను. శరీరములో చేరిన నికోటిన్ కోటినిన్‌గా మారును; బిడ్డ లాలాజలములోనో మూత్రములోనో దానిని కొలిచినచో, "వాని యెదుట నేను త్రాగను" అను తండ్రిమాట నిజానిజములు తేలును. పొగ చెదరిపోయిన తరువాతను తెరలను, తివాచీలను, చొక్కాలను అంటియుండు శేషమును గూర్చియు విచారణ సాగెను. అన్నిటికంటె నాకు విలువైనదిగా తోచునది మరియొకటి. దగ్గు బిడ్డకు మందు వ్రాయు డాక్టరు, తండ్రి తన రోగి కాడు గదా యని అతని సిగరెట్టు ఊసెత్తుటకు చిరకాలము సంకోచించుచుండెను. ఈ కేంద్రముతో సంబంధము గల వైద్యులు, ఆ ప్రశ్నను బిడ్డను పరీక్షించు గదిలోనే అడిగి, మానదలచిన తండ్రికి నికోటిన్ పట్టీని అచటనే వ్రాసియిచ్చు పద్ధతిని ప్రయోగించి చూచిరి.