కాలేజీ అమ్మాయిల వాలీబాల్: కోచ్ ఎందుకు ఉండరు? ఖర్చు ఎవరు పెట్టాలి?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు కాలేజీ టోర్నీలు చూసే వాళ్లకు ఒక సంగతి ఏటా కనిపిస్తుంది. అమ్మాయిలు సర్వీసులు బాగానే వేస్తారు. మొదటి సెట్‌లో గట్టిగా పోరాడతారు. అవతలి జట్టు వేగం పెంచగానే చెదిరిపోతారు. మ్యాచ్ అయ్యాక గ్యాలరీలో వినిపించే నిందలూ మారవు. సెట్టర్ సరిగా ఎత్తలేదనో, పీడీ పట్టించుకోలేదనో అంటారు.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. కాలేజీ క్రీడలకు డబ్బు ఎక్కువగా టోర్నీ జరిగే రోజులకే వస్తుంది. మిగతా పది నెలలు రోజూ శిక్షణ ఇచ్చే కోచ్‌కు జీతం ఇవ్వాల్సింది ఎవరో ఎక్కడా తేలలేదు. ఎవరి బాధ్యత ఎంతో తెలిస్తే మన కోపాన్ని సరైన చోట ప్రశ్నగా పెట్టొచ్చు.

జట్టు ఏ వర్సిటీ కింద ఆడుతుంది?

ముందు ఇది తెలియాలి. డబ్బు, క్యాంపు, ఎంపిక అన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

- పాత పశ్చిమగోదావరి జిల్లాలోని ఏలూరు, తాడేపల్లిగూడెం డిగ్రీ కాలేజీలు రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ వర్సిటీ పరిధిలోకి వస్తాయి. ఏలూరులో 1953 నుంచి ఉన్న సెయింట్ థెరిసా మహిళా కాలేజీలా అటానమస్ హోదా ఉన్నా, అంతర్ వర్సిటీ పోటీలకు ఆడేది వర్సిటీ జట్టే.
- కొల్లేరుకు అవతల కైకలూరు వైపు పాత కృష్ణా జిల్లా ప్రాంతం. అక్కడి డిగ్రీ కాలేజీలకు మచిలీపట్నంలోని కృష్ణా వర్సిటీ.
- ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్నాయి.
- తాడేపల్లిగూడెంలోని నిట్, పక్కనే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన వర్సిటీ ఎవరి దారి వాళ్లది. నిట్‌లకు వాటిలో వాటికి పోటీలున్నాయి. వ్యవసాయ, ఉద్యాన వర్సిటీలకు విడిగా జాతీయ క్రీడలు జరుగుతాయి.
- ఇంటర్ అమ్మాయిలు కాలేజీ జట్ల లెక్కలోకి రారు. వాళ్లు పాఠశాల క్రీడా సమాఖ్య అండర్-19 విభాగంలో ఆడతారు.

అంటే గూడెం ఒక్క ఊళ్లోనే వాలీబాల్ ఆడే అమ్మాయిలు నాలుగైదు దారుల్లో విడిపోతున్నారు. ఇంటర్‌లో చూపించిన ప్రతిభ డిగ్రీలో చేరాక ఎవరి లెక్కలోనూ ఉండదు. అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఎంపిక ఎలా జరుగుతుంది?

మొదట వర్సిటీ పరిధిలోని కాలేజీల మధ్య టోర్నీ ఉంటుంది. అందులో బాగా ఆడిన వారితో వర్సిటీ జట్టు తయారవుతుంది. కొద్ది రోజుల క్యాంపు తర్వాత సౌత్ జోన్ పోటీలకు పంపుతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ వర్సిటీలన్నీ అక్కడికే వస్తాయి. దేశంలోని నాలుగు జోన్లలో ముందు నిలిచిన జట్లు ఆలిండియా పోటీల్లో తలపడతాయి. వీటిని నిర్వహించేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ. ఆలిండియా స్థాయిలో పైన నిలిచిన జట్లకే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో చోటు దొరుకుతుంది.

ఇబ్బంది క్యాంపు దగ్గర మొదలవుతుంది. వేర్వేరు కాలేజీల నుంచి వచ్చిన అమ్మాయిలు కలిసి ఆడేది ఆ కొద్ది రోజులే. పరుగు, త్రో లాంటి వాటిలో ఒక్కరే సాధన చేసి ఎదగొచ్చు. వాలీబాల్‌లో అలా కుదరదు. సెట్టర్ బంతిని ఎంత ఎత్తులో, ఎంత వేగంగా ఇస్తుందో స్పైకర్ ఒంటికి అలవాటు కావాలి. సర్వీసు అందుకునేటప్పుడు మధ్యలో పడే బంతి ఎవరిదో చెప్పకుండానే తెలియాలి. దానికి నెలల తరబడి ఆరుగురూ కలిసి ఆడాలి, పక్కన తప్పు చెప్పే మనిషి ఉండాలి. మొదటి సెట్‌లో నిలబడిన జట్టు తర్వాత చెదిరిపోవడానికి పెద్ద కారణం ఇదే.

పీడీ వేరు, కోచ్ వేరు

కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్, మనం పీడీ అని పిలిచే వ్యక్తి, వాలీబాల్ కోచ్ కాదు. వ్యాయామ విద్యలో పీజీ చేసి ఆ పోస్టులోకి వస్తారు. కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్, చెస్, యోగా, అబ్బాయిల జట్లు, అమ్మాయిల జట్లు అన్నీ వారి మీదే. క్రీడా సామగ్రి రిజిస్టర్లు, నాక్ బృందం వచ్చినప్పుడు చూపించాల్సిన ఫైళ్లు కూడా వారే చూస్తారు.

కోచ్ అంటే ఒకే ఆటలో శిక్షణ పొందిన వ్యక్తి. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి ఉంది. అది ఇచ్చే ఏడాది డిప్లొమానే ఎన్‌ఐఎస్ డిప్లొమా అంటారు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. వాలీబాల్‌లో ఈ చదువు చదివిన వాళ్లు ఉద్యోగం ఎక్కడ ఉంటే అక్కడికి వెళతారు. డిగ్రీ కాలేజీలో మాత్రం పీడీకి ఉన్నట్టు వాలీబాల్ కోచ్‌కు పోస్టు ఉండదు.

దీనికి తోడు 2021లో ఎయిడెడ్ కాలేజీల మార్పు వచ్చింది. ఎయిడ్ వదులుకుంటారా, ఆస్తులతో సహా సంస్థను ప్రభుత్వానికి అప్పగిస్తారా అని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం యాజమాన్యాలను అడిగింది. ఎయిడ్ వదులుకున్న చోట ప్రభుత్వ జీతం తీసుకునే సిబ్బంది ప్రభుత్వ కాలేజీలకు వెళ్లిపోయారు. విద్యార్థులు, తల్లిదండ్రులు ఆందోళన చేశాక నిర్ణయం మార్చుకునే వీలు ఇచ్చారు. ఇలాంటి మార్పులో ఏళ్లుగా ఒక జట్టును చూసుకున్న మనిషి వెళ్లిపోతే, ఆ స్థానంలో ఎవరో ఒకరిని వేయగలరు కానీ ఆ అనుభవాన్ని తేలేరు.

డబ్బు ఏ దారుల్లో వస్తుంది?

విద్యార్థుల ఫీజు: అడ్మిషన్ సమయంలో కట్టే మొత్తంలో గేమ్స్ లేదా స్పోర్ట్స్ ఫీజు ఉంటుంది. అందులో కొంత కాలేజీకి, కొంత వర్సిటీకి. బంతులు, నెట్, జెర్సీలు, ప్రయాణ ఖర్చులకు మొదటి ఆధారం ఇదే. చాలామంది పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తుంది కాబట్టి ప్రభుత్వ బకాయిలు పేరుకుంటే ఆ ప్రభావం ఆటల మీదా పడుతుంది.

వర్సిటీ: ఎంపికైన జట్టు క్యాంపు, రైలు చార్జీలు, రోజువారీ భత్యం, కిట్ వర్సిటీ ఖర్చు. కాలేజీలో రోజూ జరగాల్సిన సాధన దీని కిందకు రాదు.

శాప్, జిల్లా క్రీడా సంస్థ: స్టేడియాలు, వేసవి శిక్షణ శిబిరాలు, కొన్ని ఆటలకు కోచ్‌లు వీరి పరిధి. ఏలూరులో అల్లూరి సీతారామరాజు స్టేడియం ఉంది. కాలేజీ జట్టుకు అక్కడ నిర్ణీత సమయం దొరకాలంటే కాలేజీ ముందుగా అడిగి ఒప్పందం చేసుకోవాలి.

ఖేలో ఇండియా: ఎంపికైన క్రీడాకారులకు ఏడాదికి రూ.6.28 లక్షల సాయం. అందులో రూ.1.20 లక్షలు, అంటే నెలకు రూ.10 వేలు, చేతి ఖర్చులకు. ఇది జాతీయ స్థాయిలో గుర్తింపు వచ్చిన వారికే. జిల్లాల్లో పెట్టే చిన్న ఖేలో ఇండియా కేంద్రాలు మనకు ఎక్కువ పనికొస్తాయి. ఒక్కో కేంద్రానికి మొదట రూ.5 లక్షలు, తర్వాత ఏటా రూ.5 లక్షలు ఇచ్చేలా పథకం తయారైంది. ఏటా ఇచ్చే దానిలో రూ.3 లక్షలు కోచ్‌గా పనిచేసే మాజీ క్రీడాకారులకే. టోర్నీ కోసం కాకుండా కోచ్ కోసం డబ్బు కేటాయించిన పథకం ఇది.

కంపెనీల సీఎస్‌ఆర్: 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్ ప్రకారం గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, ఒలింపిక్ క్రీడల శిక్షణకు ఈ నిధులు వాడొచ్చు. చేపలు, రొయ్యల వ్యాపారం మీద నడిచే ఈ ప్రాంతంలో చట్టం పరిధిలోకి వచ్చే పెద్ద కంపెనీలను కాలేజీలు అడగొచ్చు.

ఒకసారి జరిగే టోర్నీలతో ఏం మారింది?

2023 డిసెంబరు 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’లో వాలీబాల్ కూడా ఉంది. గ్రామ స్థాయి నుంచి మహిళల జట్లు ఆడాయి. చాలామంది అమ్మాయిలు జనం ముందు ఆడటం అదే మొదటిసారి. 2024 ఫిబ్రవరిలో అది ముగిసింది. ఆ తర్వాత అమ్మాయిలకు రోజూ సాయంత్రం వెళ్లి ఆడే చోటు, నేర్పే మనిషి ఉన్నారా అన్నదే ప్రశ్న.

2024 నవంబరులో ప్రస్తుత ప్రభుత్వం ఆమోదించిన క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి రూ.7 కోట్లు ప్రకటించారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. ఇవి గెలిచిన వారికి దక్కే ఫలాలు. డిగ్రీ మొదటి ఏడాది అమ్మాయిని ఆ స్థాయికి చేర్చే కోచ్ జీతం వీటిలో లేదు. ప్రభుత్వాలు మారినా ఈ ఖాళీ అలాగే ఉంది.

కొల్లేరు ఊళ్ల అమ్మాయిలకు అదనపు కష్టం

అంతర్ కాలేజీ పోటీలు ఎక్కువగా వానలు, తుపాన్ల నెలల్లోనే వస్తాయి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులోకి చేరే కాలం అది. మట్టి కోర్టు రెండు రోజులు తడిస్తే వారం సాధన పోతుంది. ఇండోర్ కోర్టు లేని కాలేజీకి సీజన్ మొదట్లోనే దెబ్బ.

రెండోది బస్సు. కాలేజీ అయ్యాక సాయంత్రం సాధన చేస్తే లంక గ్రామాలకు చివరి బస్సు తప్పిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. చార్జీల భారం తగ్గింది. బస్సు వేళ మాత్రం మారలేదు. ఉదయం ఆరున్నరకు సాధన పెట్టినా, ఆ వేళకు ఊరి నుంచి రాగలిగేది హాస్టల్ అమ్మాయిలే. అందుకే చాలా జట్లు ఎవరు బాగా ఆడతారనే దాని కంటే ఎవరు ఉండగలరనే దాని మీద తయారవుతాయి.

మిగతా చోట్ల ఎలా ఉంది?

కేరళలో రాష్ట్ర స్పోర్ట్స్ కౌన్సిల్ కొన్ని కాలేజీల్లోనే క్రీడా హాస్టళ్లు నడుపుతోంది. వసతి, భోజనం, కోచ్ ఒకే చోట దొరుకుతాయి. చెన్నై వైపు ప్రైవేటు వర్సిటీలు మంచి క్రీడాకారిణులకు స్కాలర్‌షిప్ ఇచ్చి చేర్చుకుంటాయి. సౌత్ జోన్‌లో మన అమ్మాయిలు తలపడేది ఇలాంటి జట్లతోనే.

అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు అమ్మాయిల పట్ల వివక్ష చూపకూడదని 1972లో ‘టైటిల్ నైన్’ చట్టం చేశారు. క్రీడలకూ అది వర్తిస్తుంది. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా వర్సిటీ మహిళల వాలీబాల్ మ్యాచ్‌కు 92,003 మంది వచ్చారు. జనం రావడానికి ముందు ఏళ్ల తరబడి కోచ్‌లు, స్కాలర్‌షిప్‌లు వచ్చాయన్నది గుర్తుంచుకోవాలి.

ఆడితే ఏం వస్తుంది?

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్‌లో ఆడేది పురుషుల జట్లే. అమ్మాయిలకు ప్రధాన ఆశ ఉద్యోగం. పీవీ సింధు తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు. తల్లి విజయ జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. ఇద్దరికీ రైల్వేలో ఉద్యోగాలు. ఆ దారి ఇప్పటికీ ఉంది. కానీ క్రీడా కోటాకు సర్టిఫికెట్ స్థాయి ముఖ్యం. కాలేజీ స్థాయి దాటి వర్సిటీ, జాతీయ పోటీలకు వెళితేనే దానికి విలువ. అంటే కోచ్ లేకపోవడం ఒక మ్యాచ్‌తో పోయే నష్టం కాదు. ఒక అమ్మాయి ఉద్యోగ అవకాశం కూడా దానితో ముడిపడి ఉంది.

మీరు ఏం అడగొచ్చు?

ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలు, వర్సిటీలు సమాచార హక్కు చట్టం పరిధిలో ఉన్నాయి. దరఖాస్తు రుసుము రూ.10. తెల్లరేషన్ కార్డు ఉన్నవారికి ఉచితం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి, తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. ప్రైవేటు కాలేజీ అయితే దాని గురించి వర్సిటీ దగ్గర ఉన్న సమాచారం అడగండి.

ప్రశ్నలు ఇలా సూటిగా ఉండాలి:

1. గత మూడేళ్లలో స్పోర్ట్స్ ఫీజు కింద ఎంత వసూలైంది? ఎంత ఖర్చైంది?
2. అందులో మహిళల జట్లకు ఎంత, పురుషుల జట్లకు ఎంత?
3. మహిళల వాలీబాల్ వర్సిటీ జట్టుకు క్యాంపు ఎన్ని రోజులు జరిగింది? కోచ్ అర్హత ఏమిటి?
4. క్రీడాకారిణికి రోజుకు ఇచ్చిన భత్యం ఎంత?
5. మంజూరైన పీడీ పోస్టులు ఎన్ని? ఖాళీలు ఎన్ని?

దరఖాస్తుకు ముందు కాలేజీ వెబ్‌సైట్‌లో ఐక్యూఏసీ పేజీ చూడండి. నాక్‌కు ఇచ్చిన నివేదికల్లో క్రీడా పతకాలు, పోటీలు, వసతుల వివరాలు ఉంటాయి. పాత విద్యార్థుల సంఘాలైతే ఒక సీజన్‌కు ఎన్‌ఐఎస్ కోచ్ గౌరవ వేతనం భరిస్తామని ప్రిన్సిపల్‌కు లిఖితపూర్వకంగా చెప్పొచ్చు. ట్రోఫీలు, శాలువాల కంటే అది జట్టుకు ఎక్కువ మేలు.

ఒక్కటి మాత్రం వద్దు. ఓడిన అమ్మాయిల వీడియోలు పెట్టి ఎగతాళి చేయొద్దు. ఆ వీడియో ఇంట్లో చూసిన మర్నాటి నుంచి సాధనకు పంపడం మానేసే తల్లిదండ్రులు ఉంటారు. అప్పుడు కోచ్ వచ్చినా నేర్పడానికి జట్టు ఉండదు.