జంటల కోసం లేచిన గోడ

పిల్లల్ని రానివ్వని రిసార్టులు ఈమధ్య పుట్టిన వింత అనీ, పసివాళ్ల ఏడుపూ అల్లరీ భరించలేని వాళ్ల కోసం ఎవరో కనిపెట్టారనీ చాలామంది అనుకుంటారు. అసలు కథ అలా నడవలేదు. వీటికి ఆద్యులు కొత్తగా పెళ్లయినవాళ్లు. అప్పటికి వాళ్లకింకా పిల్లలే లేరు. ఇద్దరు మనుషులకు నాలుగు రోజుల ఏకాంతం అమ్మాలన్న ఆలోచన ముందు పుట్టింది; పిల్లలు వద్దన్న షరతు ఆ వెనకే వచ్చి చేరింది. ఈ వరస తెలిస్తే, ఇవాళ అలాంటి చోటికి వెళ్లినవాళ్లు ఒకటి ఆశించి మరొకటి చూసి ఎందుకు నొచ్చుకుంటున్నారో కూడా తెలుస్తుంది.

1945 సంవత్సరం. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరుతున్నారు. అమెరికాలో ఎక్కడ చూసినా పెళ్లిళ్లే. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పోకనో కొండలున్నాయి. న్యూయార్క్ నుంచి గానీ ఫిలడెల్ఫియా నుంచి గానీ పొద్దున కారులో బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరిపోవచ్చు. అక్కడ రుడాల్ఫ్ వాన్ హోవెన్‌బర్గ్ అనే ఆయన 'ద ఫార్మ్ ఆన్ ద హిల్' పేరుతో ఒక విడిది తెరిచాడు. హనీమూన్ జంటలు తప్ప ఇంకెవరూ రాకూడదు. చిన్న షరతే గానీ దాని వెనక మంచి లోకజ్ఞానం ఉందనిపిస్తుంది నాకు. మామూలు హోటల్లో కొత్త దంపతులు భోజనానికి వస్తే చుట్టూ ఉన్న సంసారులంతా వాళ్లనే చూస్తారు. అందరూ కొత్త దంపతులే అయిన చోట ఎవరికీ ఎవరినీ చూసే తీరిక ఉండదు, సిగ్గుపడే అవసరమూ ఉండదు.

ఈ ఆలోచనను వస్తువుగా మలిచిన మనిషి మారిస్ విల్కిన్స్. డీఎన్ఏ పరిశోధనకు నోబెల్ అందుకున్న విల్కిన్స్ వేరు, ఈయన వేరు. ఈయన యుద్ధకాలంలో జలాంతర్గామిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. 1958లో హరాల్డ్ ఓబ్రియన్ అనే భాగస్వామితో కలిసి పోకనో ప్రాంతంలోనే ఒక సరస్సు ఒడ్డున ఉన్న పాత హోటల్ కొన్నాడు. దానికి కోవ్ హేవెన్ అని పేరు పెట్టి జంటల విడిదిగా మార్చాడు. గదులన్నీ బాగుచేశాక కూడా స్నానాల గది దగ్గర ఏదో వెలితి కనిపించింది. 1963లో బేస్‌మెంట్ గచ్చు మీద హృదయాకారం గీసి, దాని కొలతలతో అచ్చు తయారుచేసి, కాంక్రీటు పోసి, పైన టైల్స్ అతికించాడు. హృదయాకారపు బాత్‌టబ్ అలా పుట్టింది. గోడల నిండా అద్దాలు బిగించాడు. 1971లో లైఫ్ పత్రిక ఆ టబ్బులో ఉన్న ఒక జంట ఫొటో పెద్దగా వేయడంతో దేశమంతటికీ తెలిసిపోయింది. మిగతా హోటళ్లు కూడా అలాంటివే కట్టుకున్నాయి. 1984లో ఆయనే ఏడడుగుల ఎత్తున షాంపేన్ గ్లాసు ఆకారంలో మరో టబ్బు చేయించాడు.

వీటిని చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అందులో ఒక గట్టి ఆలోచన కనిపిస్తుంది. ఆ టబ్బు కొలతలు సరిగ్గా ఇద్దరికి తీసినవి. అందులో మూడో మనిషికి చోటు లేదు. గది అంతా ఇద్దరినే తలుచుకుని కట్టాక, పిల్లలకు ప్రవేశం లేదని గేటు దగ్గర బోర్డు పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

ఇదే కాలంలో ఐరోపాలో ఇంకో పాయ మొదలైంది. బెల్జియానికి చెందిన వాటర్‌పోలో ఆటగాడు జెరార్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్ వాళ్ల మయోర్కా దీవిలో, అల్కూడియా సముద్రతీరాన సైన్యం వాడి వదిలేసిన గుడారాలు వేయించి క్లబ్ మెడ్ ప్రారంభించాడు. గుడారాలు సరఫరా చేసిన గిల్బెర్ త్రిగానో తర్వాత ఆయనకు భాగస్వామి అయ్యాడు. ముందే కట్టిన డబ్బులో తిండి, బస, ఆటలు అన్నీ వచ్చేవి. బార్‌లో తాగేదానికి మాత్రం విడిగా ఇవ్వాలి. ఈత దుస్తుల్లో జేబులుండవు కాబట్టి, కొన్నాళ్లకు నోట్లకు బదులు మెళ్లో వేసుకునే పూసలు పెట్టారు. తాగినకొద్దీ దండ లోంచి ఒక్కో పూస తీసి ఇవ్వడమే. యువతీయువకుల సందడితో మొదలైన ఆ క్లబ్బు పిల్లల విషయంలో పోకనోకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. ఒంటరిగా వచ్చినవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, సంసారాలు ఏర్పడ్డాయి. 1967లో మినీ క్లబ్ పెట్టారు. పొద్దున్నే పిల్లల్ని అక్కడ అప్పగిస్తే ఆటపాటలు వాళ్లే చూసుకుంటారు, అమ్మానాన్నలు సముద్రంలోకి వెళ్లొచ్చు. తల్లిదండ్రుల అలసటకు దొరికిన మందుల్లో ఇంతకన్నా ఉపకారం చేసింది ఇంకోటి లేదని నా అభిప్రాయం. అడల్ట్స్ ఓన్లీ, అంటే పెద్దలకు మాత్రమే అన్న రిసార్టుల కథ చెప్పేవాళ్లు దీన్ని వదిలేస్తుంటారు. అది సరికాదు. పిల్లలతో వెళ్లి కూడా ఊపిరి తీసుకోవచ్చని నిరూపించింది మినీ క్లబ్బే.

ఈ రెండు పాయలూ కలిసిన చోటు జమైకా. అక్కడ ఏబ్ ఇస్సా 1949లోనే ఓచో రియోస్ దగ్గర టవర్ ఐల్ అనే హోటల్ తెరిచాడు. జమైకా పర్యాటకానికి పితామహుడని ఆయన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1970లు వచ్చేసరికి ఆ దేశం అతలాకుతలమైంది. 1976లో అత్యవసర పరిస్థితి విధించారు. 1980 ఎన్నికల ఏడాది రాజకీయ హింసలో వందలమంది చనిపోయారు. విదేశీయులు రావడం తగ్గిపోయి పెద్ద పెద్ద హోటళ్లు మూతబడ్డాయి, కొన్ని ప్రభుత్వం చేతికి వచ్చాయి. భయపడే అతిథిని రప్పించాలంటే, గేటు దాటి బయటికి వెళ్లాల్సిన పనే లేకుండా అన్నీ లోపలే ఉండాలి. అన్నీ కలిపి ఒకే ధర అన్న పద్ధతి అక్కడ అంతగా వేళ్లూనుకోవడానికి ఈ భయం కూడా కారణమే. ఇస్సా కుటుంబానికే చెందిన జాన్ ఇస్సా 1976లో నెగ్రిల్‌లో పెద్దల కోసం ఒక విడిది నడిపాడు. 1978లో పాత టవర్ ఐల్ హోటల్ 'కపుల్స్' అనే కొత్త పేరుతో తెరుచుకుంది. జంటగా వస్తేనే గది. ఒంటరివాళ్లకు లేదు, పిల్లలకు లేదు.

ఇక్కడ లెక్క కొంచెం చూడాలి. అన్నీ కలిపిన ధర మనిషికింత అని ఉంటుంది. జంటలకే ఇస్తే ప్రతి గదిలోనూ పూర్తి ధర కట్టే పెద్దవాళ్లిద్దరు ఉంటారు. సగం ధర పిల్లలు, ఉచిత పిల్లలు ఉండరు. ఎంత వండాలి, ఎంత మద్యం తెప్పించాలి అన్నది ముందే తెలిసిపోతుంది. పిల్లల కొలను, ఆటగది, ఆయాలు అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, బడి సెలవుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. పిల్లల్ని బడికి పంపాల్సిన కుటుంబం ఏ నెలల్లో రాలేదో, సరిగ్గా ఆ నెలల్లో ఈ గదులు నిండుతాయి.

ఈ లెక్కను అందరికన్నా బాగా పట్టుకున్నవాడు హోటళ్ల మనిషే కాదు. గోర్డన్ 'బుచ్' స్టువర్ట్ కింగ్‌స్టన్‌లో ఏసీలు అమ్మే వ్యాపారి. 1968లో సొంత కంపెనీ పెట్టి, బిగించడం దగ్గర్నుంచి రిపేరు దాకా దగ్గరుండి చూసుకుంటాడని పేరు తెచ్చుకున్నాడు. 1981లో మాంటెగో బేలో బే రోక్ అనే పాడుబడ్డ హోటల్ కొని బాగుచేయించి, ఆ ఏడాది చివర్లో 99 గదులతో శాండల్స్ పేరిట తెరిచాడు. సముద్రతీరం చక్కనిదే గానీ పక్కనే విమానాశ్రయం. కాస్సేపటికో విమానం నెత్తి మీదుగా పోతుంది. ఏ హోటల్‌కైనా అది శాపమే. ఆయన దాన్ని వేడుకగా మార్చాడు: విమానం వెళ్లినప్పుడల్లా చెయ్యూపి, పక్కనున్న తోడును ముద్దు పెట్టుకోవాలని అతిథులకు చెప్పించాడు. అది అక్కడ ఆనవాయితీ అయిపోయింది. జనం ఏం కోరుకుంటున్నారో కనిపెట్టడం అంటే ఇదేననిపిస్తుంది. నిశ్శబ్దం ఇవ్వలేని చోట కూడా ఆయన జంటతనాన్ని ఇవ్వగలిగాడు.

ఇందులో మెచ్చుకోలేనిదీ ఒకటుంది. శాండల్స్ గేటు పిల్లల్నే కాదు, స్వలింగ జంటల్ని కూడా చాలా ఏళ్లు బయటే నిలబెట్టింది. బ్రిటన్‌తో సహా పలుచోట్ల నిరసనలు వచ్చాక 2004లో గానీ ఆ నిబంధన ఎత్తేయలేదు. జంట అంటే ఎవరో హోటల్ యజమాని తేల్చడం మొదలుపెడితే అది ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1997లో అదే స్టువర్ట్ 'బీచెస్' పేరుతో కుటుంబాల రిసార్టులు తెరిచాడు. హనీమూన్‌కి వచ్చినవాళ్ల చంకల్లోకి పిల్లలు వచ్చేశారు మరి. అప్పటికే బ్రిటన్‌లో దీనికి తలకిందుల కథ నడుస్తోంది. 1931లో హేలింగ్ దీవిలో మొదటి క్యాంపు పెట్టి కుటుంబాలను సెలవులకు పిలిచిన హ్యారీ వార్నర్ సంస్థ, తరాలు మారాక పెద్దలకు మాత్రమే అనే బాట పట్టింది. పిల్లల్ని పెంచి పంపేసిన వయసువాళ్లు దాని అతిథులు.

ఇప్పుడు స్పెయిన్, గ్రీస్, మెక్సికో, మాల్దీవులు, ఎక్కడ చూసినా 'పెద్దలకు మాత్రమే' అన్న మాట తగిలించుకున్న హోటళ్లు ఉన్నాయి. జంట అన్న షరతు జారిపోయి, పిల్లలు లేకపోవడమే సరుకుగా మిగిలింది. ఆశాభంగాలు మొదలైంది ఇక్కడే. ఒక చోట పదహారేళ్లు దాటితే పెద్దవాళ్లే, ఇంకోచోట పద్దెనిమిది. కొన్ని హోటళ్లలో పిల్లలకు ప్రవేశం లేనిది ఒక్క కొలనుకో, ఒక్క అంతస్తుకో మాత్రమే. పక్కనే అదే యాజమాన్యం నడిపే కుటుంబాల హోటల్ ఉంటుంది, రెండింటికీ భోజనశాల ఒకటే. ఇక సముద్రతీరం. స్పెయిన్‌లో 1988 నాటి తీరప్రాంత చట్టం ప్రకారం అది ప్రజల ఆస్తి. హోటల్ గోడ ఇసుక దాకా వచ్చి ఆగిపోతుంది, ఆ పక్కన ఊరి పిల్లలు ఇసుక గూళ్లు కట్టుకుంటూనే ఉంటారు. వాళ్లను చూసి రిసెప్షన్‌కి వెళ్లి గొడవపడటం అన్యాయం. ఊరు వాళ్లది.

ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లలు లేనంత మాత్రాన ప్రశాంతత రాదు. పెళ్లికి ముందు స్నేహితురాళ్లతో చేసుకునే పార్టీలు, కొలను పక్కన రాత్రి దాకా పాటలు, పొద్దున్నే కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి చోటు పట్టేసుకోవడం, ఇవన్నీ పెద్దల పనులే. నిశ్శబ్దం కావాల్సినవాళ్లు వయసు నిబంధన ఒక్కటే చూసి డబ్బు కట్టకూడదు. సంగీతం ఎన్నింటికి ఆపుతారో అడగాలి.

మన తెలుగు కుటుంబాల్లో ఈ కోరిక ఇంకో రూపంలో ఉంది. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండటానికి వస్తారు. మనవల్ని వాళ్ల దగ్గర వదిలి భార్యాభర్తలు నాలుగు రోజులు మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్లొస్తారు. పిల్లల్ని వదిలి షికారేంటని చుట్టాల్లో ఎవరో ఒకరు అనకమానరు. ఆ మాట అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఉద్యోగం, వంట, హోంవర్కు, జ్వరాలు, వీటి మధ్య ఏళ్ల తరబడి ఒక్క మాట పూర్తిగా మాట్లాడుకోలేని ఇద్దరికి ఆ నాలుగు రోజులు న్యాయంగా రావాల్సినవే. అక్కడికి వెళ్లినవాళ్లు సాయంత్రం అయ్యేసరికి వీడియో కాల్‌లో పిల్లాడు అన్నం తిన్నాడా అని అడుగుతూనే ఉంటారు. వాళ్లు వదిలించుకోవాలనుకున్నది పిల్లల్ని కానే కాదు. నిమిషానికోసారి ఎవరో పిలుస్తారన్న ఆ ఆదుర్దానే కాస్త దించుకోవాలనుకున్నారు.

పిల్లలు రాకూడదన్న షరతు బస చేసే హోటల్‌కి చెల్లుతుంది గానీ, ఊరంతటికీ చెల్లదు. దక్షిణ కొరియాలో పిల్లలకు ప్రవేశం లేదన్న బోర్డులు కాఫీ షాపులకూ రెస్టారెంట్లకూ పాకాయి. జెజు దీవిలో పదమూడేళ్లలోపు వాళ్లను రానివ్వని ఒక రెస్టారెంటు విషయంలో అది వివక్షేనని అక్కడి మానవహక్కుల సంఘం 2017లో తేల్చిచెప్పింది. ఫ్రాన్స్‌లోనూ 2025లో ఇదే చర్చ ప్రభుత్వం దాకా వెళ్లింది. ఆ సంఘం చెప్పింది నాకు సరైందనిపిస్తుంది. ఆకలేసి లోపలికొచ్చే తల్లీబిడ్డల్ని వెనక్కి పంపడం వేరు, ముందుగా డబ్బు కట్టి నాలుగు రోజుల ఏకాంతం కోరుకున్న వాళ్లకు దాన్ని ఇవ్వడం వేరు.

వెళ్లదలచుకున్నవాళ్లు బుక్ చేసేముందు హోటల్‌కి ఒక మెయిల్ రాసి నాలుగు విషయాలు లిఖితపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది: కనీస వయసు ఎంత, ఆ నిబంధన మొత్తం హోటల్‌కా ఒక భాగానికా, కొలనూ భోజనశాలా ఇంకెవరితోనైనా పంచుకోవాలా, పెళ్లిళ్ల బృందాలు వస్తే మినహాయింపు ఉందా. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడొద్దు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు దారి లేకపోలేదు. ఐరోపాలో సెప్టెంబర్‌లో, మన దగ్గర జూన్ మధ్యలో బళ్లు తెరిచాక, ఏ బోర్డూ లేని మామూలు హోటళ్లలో కూడా పనిదినాల్లో పిల్లల సందడి తక్కువే, గదుల ధరలూ తక్కువే.