మరణాభ్యర్థన, న్యాయస్థానము

మరణమును కోరు హక్కు మానవునకు కలదా? ఈ ప్రశ్న 2004 డిసెంబరులో హైదరాబాదులోని హైకోర్టు ముందునకు వచ్చెను. చదరంగ క్రీడాకారుడైన కొలవెన్ను వెంకటేశ్ వయస్సు అప్పటికి 25 ఏండ్లు. కండరములను క్రమముగా క్షీణింపజేయు డుషెన్ వ్యాధితో అతడు ఆసుపత్రిలో యంత్రముల సాయమున జీవించుచుండెను. అవయవములు చెడకమునుపే ప్రాణము విడిచి, వానిని పరుల కీయవలెనని అతని కోరిక. తల్లి దానిని న్యాయస్థానమునకు విన్నవించెను.

ఆ కోరిక ఉదారమైనదే. కాని చట్టము అడ్డు నిలిచెను. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ననుసరించి, గుండె వంటి అవయవమును మెదడు మృతి నిర్ధారణయైన పిదపనే గ్రహింపవలెను. జీవించు హక్కులో మరణించు హక్కు ఇమిడియుండదని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పియుండెను. హైకోర్టు అనుమతి నిరాకరించెను. డిసెంబరు 17న వెంకటేశ్ కన్నుమూసెను. నేత్రములు మాత్రమే దానమునకు ఉపకరించెను.

2011లో అరుణా షాన్‌బాగ్ వ్యాజ్యమున, చికిత్స విరమణకు హైకోర్టు అనుమతితో మార్గ మేర్పడెను. 2018 మార్చి 9న రాజ్యాంగ ధర్మాసనము గౌరవప్రదమైన మరణమును జీవించు హక్కులో భాగముగా గుర్తించి, ముందస్తు వైద్య నిర్దేశపత్రమును అంగీకరించెను. 2023లో ఆ విధానము సులభమయ్యెను. మేజిస్ట్రేటు సంతకమునకు బదులు నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలును.

అయినను నేడు వెంకటేశ్ వచ్చి అడిగినచో సగము కోరికయే తీరును. యంత్రము వలదనుటకు అతనికి హక్కు కలదు. మందిచ్చి ప్రాణము తీయుటకు వైద్యునకు హక్కు లేదు. పరోపకారమునకై ఒకని ప్రాణము తీయవచ్చునన్నచో, రేపు దిక్కులేని రోగిని ఆ త్యాగమునకు ఒత్తిడి చేయరని ఎవరు పూచీపడుదురు? కాని ఆ రక్షణకు మూల్యము చెల్లించినవాడు వెంకటేశ్.