మధ్యవర్తుల నివేదిక – ముద్దాయి రక్షణ: గంజాయి కేసులపై ఒక పరిశీలన

ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి కేసు ఏది తీసుకున్నా మొదట చదవాల్సిన కాగితం మధ్యవర్తుల నివేదిక. పంచనామాకు మన స్టేషన్లలో, కోర్టుల్లో వాడుకలో ఉన్న పేరిది. బండిని ఎక్కడ ఆపారు, ఎన్ని గంటలకు ఆపారు, ఎవరి దగ్గర ఏం దొరికింది, ఎంత తూగింది, సీలు ఎవరు వేశారు, పట్టుబడినవాళ్లు ఏమన్నారు అన్నవన్నీ అందులో ఉంటాయి. మధ్యవర్తులుగా తరచూ వీఆర్వోలో, మరో శాఖ ఉద్యోగులో సంతకం చేస్తారు. ముద్దాయి పదేళ్లు జైల్లో ఉంటాడా, ఇంటికి వెళతాడా అన్నది చాలావరకు ఆ కొద్ది పేజీల్లోనే తేలిపోతుంది.

ఇలాంటి కేసుల్లో ఎవరైనా విడుదలైతే ‘టెక్నికల్ పాయింటు మీద బయటపడ్డాడు’ అనేస్తారు. ఆ మాట సరికాదన్నది ఈ వ్యాసం వాదన. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ముద్దాయి నెత్తిన మామూలు నేరచట్టం పెట్టని బరువు పెట్టింది. దానికి సరితూగేలా సోదాకు, స్వాధీనానికి కట్టుబాట్లు విధించింది. బరువును ఉంచి కట్టుబాట్లను లాంఛనాలుగా తీసిపారేస్తే మనం అమలు చేస్తున్నది సగం చట్టమే.

చట్టం పెట్టిన బరువు

గంజాయి కిలో వరకు ఉంటే స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. స్వల్ప పరిమాణానికి ఏడాది వరకు, మధ్యస్థానికి పదేళ్ల వరకు శిక్ష వేయవచ్చు. వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. దీనికితోడు 35వ సెక్షన్ ముద్దాయికి నేరబుద్ధి ఉందనే అనుకుంటుంది. సరుకు స్వాధీనంలో ఉన్నందుకు అతడు సంతృప్తికరమైన కారణం చూపలేకపోతే నేరం చేశాడనే భావించవచ్చని 54వ సెక్షన్ చెబుతుంది.

నూర్ ఆగా కేసులో (2008) సుప్రీంకోర్టు ఈ సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనంది. కానీ పునాది వాస్తవాలను ముందుగా ప్రాసిక్యూషనే రుజువు చేయాలనీ, ఆ తర్వాతే బరువు ముద్దాయి మీదికి మారుతుందనీ స్పష్టం చేసింది. ఆ పునాది దాదాపు మొత్తం మధ్యవర్తుల నివేదికలోనే ఉంటుంది. కనుక రక్షణ మొదలవ్వాల్సింది కూడా అక్కడే.

సోదా: అసలు ప్రశ్న ఎక్కడుంది?

ఈ చట్టంలో ఎక్కువగా చర్చకు వచ్చేది 50వ సెక్షన్. ఒంటిమీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేటు ఎదుటో సోదా కోరే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పాలి. బల్‌దేవ్ సింగ్ కేసులో (1999) రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం తెలియజేయడం తప్పనిసరి అంది. విజయ్‌సింగ్ జడేజా కేసులో (2010) మరో రాజ్యాంగ ధర్మాసనం, ఏదో మేరకు పాటించామంటే చాలదని తేల్చింది. ఇద్దరు ముగ్గురిని నిలబెట్టి కలిపి ఒక్కసారే చెప్పడం చెల్లదని పరమానంద్ కేసు (2014) చెప్పింది.

అయితే మన ఏజెన్సీ రోడ్ల మీద పట్టుబడే సరుకు సాధారణంగా ఒంటిమీద ఉండదు. గోనెసంచిలోనో, కారు డిక్కీలోనో, లారీలో మరో సరుకు కిందో ఉంటుంది. సంచి ‘వ్యక్తి’ కిందికి రాదని పవన్ కుమార్ కేసు (2005) నుంచీ కోర్టులు చెబుతూనే ఉన్నాయి. కనుక 50వ సెక్షన్‌నే పట్టుకు వేలాడే వకీలు గంజాయి కేసులో తరచూ ఒట్టిచేతులతో మిగులుతాడు.

చూడాల్సింది 42వ సెక్షన్. ముందస్తు సమాచారం అందితే దాన్ని రాసిపెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి పంపాలి. బహిరంగ స్థలంలో సోదాకు 43వ సెక్షన్ వర్తిస్తుంది, అక్కడ ఈ నిబంధన లేదు. రోడ్డు మీద ఆపారు కాబట్టి అది బహిరంగ స్థలమేనని ప్రాసిక్యూషన్ అంటుంది. కానీ సొంత వాహనం ‘ప్రజా రవాణా వాహనం’ కాదనీ, అలాంటప్పుడు 42వ సెక్షన్‌ను పాటించాల్సిందేననీ బూటా సింగ్ కేసు (2021) చెప్పింది. నివేదిక మొదటి పేజీలో ‘నమ్మదగిన సమాచారం మేరకు’ అన్న ముక్క కనిపించగానే రక్షణ న్యాయవాది అడగాల్సింది ఒక్కటే: ఆ సమాచారం రాసిన కాగితం ఏది?

తూకం, శాంపిల్, సీలు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లున్న ఒక సంచి. తూకం 21 కిలోలు. టేపుతో, గోనెతో కలిపి తూచారా? అందులో కాడలెన్ని, పచ్చిదనమెంత? చట్టం ప్రకారం గంజాయి అంటే పూత పట్టిన, కాయ పట్టిన కొసలు. కొసలతో కలిసి లేని ఆకుల్ని, గింజల్ని నిర్వచనమే మినహాయించింది. కాడల ప్రస్తావనే అందులో లేదు. కిలోన్నర కాడలు తీసేస్తే ఆ సంచి 20 కిలోల లోపుకు వస్తుంది. అప్పుడు కనీస పదేళ్ల శిక్ష ఉండదు, 37వ సెక్షన్ బెయిలు ఆంక్షా వర్తించదు. మత్తుమందులో కలిపిన ఇతర పదార్థం బరువునూ లెక్కించాలని హీరా సింగ్ కేసు (2020) చెప్పిందని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. ఆ తీర్పు కల్తీ గురించి. మొక్కలో ఏ భాగం గంజాయి అన్న ప్రశ్న అంతకన్నా ముందుది.

శాంపిల్ సంగతి మరీ ముఖ్యం. రోడ్డు పక్కన అధికారే శాంపిల్ తీసి ల్యాబుకు పంపే అలవాటును మోహన్‌లాల్ కేసు (2016) తప్పుపట్టింది. 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు సమక్షంలో జాబితాను ధ్రువీకరించి, శాంపిల్ తీయాలి. 2022 నాటి నియమాలు ఈ పద్ధతిని వివరంగా నిర్దేశించాయి. గంజాయికి ఒక్కో శాంపిల్ కనీసం 24 గ్రాములుండాలి. భరత్ ఆంబాలే కేసులో (2025) సుప్రీంకోర్టు, 52ఏ లోపం ఒక్కటే కేసును కూల్చదనీ, స్వాధీనం మీదే అనుమానం రేగేలా ఉండాలనీ చెప్పింది. కాబట్టి సెక్షన్ పాటించలేదని చెప్పి కూర్చుంటే ఇక చాలదు. పట్టుకున్న రోజు నుంచి ల్యాబు చేరేదాకా సరుకు ఎక్కడుంది, రిజిస్టరులో నమోదైందా, నివేదికలోని సీలు ముద్ర, ల్యాబు చూసిన ముద్ర ఒకటేనా అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కొక్కటే రాబట్టాలి.

వాంగ్మూలం, ఎరుక

మొదటి ముద్దాయి చెప్పాడంటూ రెండో ముద్దాయిని, అతడు చెప్పాడంటూ మూడో ముద్దాయిని చేర్చడం ఈ కేసుల్లో మామూలు. తూఫాన్ సింగ్ కేసులో (2020) ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 మెజారిటీతో, ఈ చట్టం కింద దర్యాప్తు అధికారాలున్నవారు పోలీసు అధికారులేననీ, 67వ సెక్షన్ కింద వారికిచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడరాదనీ తీర్పునిచ్చింది. తోటి ముద్దాయి మాట తప్ప వేరే ఆధారం లేనివారికి ఇది గట్టి అండ.

ఎరుక విషయంలో, అంటే సరుకు ఉందని ముద్దాయికి తెలుసా అన్న ప్రశ్న మీద, తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. లారీలో బస్తాల మీద కూర్చున్నంత మాత్రాన స్వాధీనం రుజువు కాదని అవతార్ సింగ్ కేసు (2002) చెప్పింది. కారులో కలిసి ప్రయాణిస్తున్నవారి విషయంలో మదన్‌లాల్ కేసు (2003), స్వాధీనం రుజువైతే తనకు తెలియదని చూపాల్సింది ముద్దాయేనంది. కిరాయికి వచ్చిన డ్రైవరు రక్షణ ఈ రెండింటి మధ్య నిలబడుతుంది. కిరాయి ఎవరు మాట్లాడారు, డిక్కీ ఎవరు సర్దారు, ఫోన్ రికార్డులు ఏం చెబుతున్నాయన్నవి మొదటి వారంలోనే సేకరించాలి.

కాలం

వాణిజ్య పరిమాణం కేసులో ముద్దాయి దోషి కాడని నమ్మడానికి తగిన కారణాలుంటేనే బెయిలివ్వాలని 37వ సెక్షన్ అంటుంది. ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న ఒక వ్యక్తి విషయంలో, మహమ్మద్ ముస్లిం కేసులో (2023) సుప్రీంకోర్టు, విచారణ మితిమీరి సాగితే ఈ సెక్షన్ బెయిలుకు అడ్డు కాదని చెప్పింది. మరో హక్కుంది. 180 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే, గడువును కోర్టు పొడిగించకుంటే, ముద్దాయికి బెయిలు హక్కు వస్తుంది. దాన్ని అడిగి తీసుకోవాలి. 181వ రోజు పొద్దున దరఖాస్తు పడకుండా మధ్యాహ్నం ఛార్జిషీటు దాఖలైతే ఆ హక్కు పోయినట్టే. రోజులు లెక్కపెట్టే వకీలు లేని పేదవాడికి ఈ హక్కు ఉన్నా లేనట్టే. ఆదివాసీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి చట్టం చెబుతోంది. రిమాండు రోజునే ఆ వకీలు పక్కన ఉండాలి.

ఉపసంహారం

గంజాయి వల్ల కుటుంబాలు నాశనమవుతున్నాయి. దాన్ని అరికట్టాల్సిందే. కానీ అలసత్వంతో రాసిన నివేదిక మోతకూలిని ఏళ్ల తరబడి రిమాండులో ఉంచుతుంది, ఖరీదైన వకీలును పెట్టుకోగల వ్యాపారికి చివరికి తప్పించుకునే దారి చూపుతుంది. నష్టం రెండు వైపులా. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయమంటోంది. తూకం, సీలు, మాట్లాడిన మాట అన్నీ ఆ వీడియోలో కనబడాలి, వినబడాలి.

పాడేరు ఏజెన్సీలో కువి మాట్లాడేవారున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారున్నారు. మధ్యవర్తుల నివేదిక చివర మాత్రం ఎప్పుడూ ఒకే వాక్యం ఉంటుంది: చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నారు. ఏ భాషలో చదివి వినిపించారన్నది ప్రతి కోర్టులోనూ, ప్రతి కేసులోనూ ముందుగా అడగాలి.