గడ్డం గీసే చెయ్యి ఎవరిది? సేఫ్టీ రేజర్‌కు ఎంత పెట్టొచ్చు?

మన చేతి వస్తువుల చరిత్ర – 14



ఈమధ్య సీతంపేటలో విద్యార్థుల అధ్యయన తరగతికి వెళ్ళాను. కొండ మీది సవర, జాతాపు పిల్లలు, కింద పాలకొండ, వీరఘట్టం వైపు నుంచి వచ్చిన మన దళిత పిల్లలు కలిపి ముప్పై మంది దాకా ఉన్నారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గొడవ మొదలైంది. భూముల మీదో రిజర్వేషన్ల మీదో అనుకునేరు, రేజర్ మీద! ఒకతను ఫోన్లో వీడియోలు చూసి జర్మనీ రేజర్ కొందామనుకుంటున్నాడు. నాలుగైదు వేలు. "ఒకసారి కొంటే జీవితాంతం ఉంటుందన్నా" అంటాడు. ఇంకొకతను "అది కట్ చేసేది మూడు రూపాయల బ్లేడేగా, దానికి నాలుగు వేల పిడి ఎందుకు?" అంటాడు. మూడో అతను "షాపులో యాభై పారేస్తే వాడే గీస్తాడు, మీకీ గోలెందుకు?" అన్నాడు.

ముగ్గురూ నా వైపు చూశారు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఈ భాగం వాళ్ళ కోసం. మూడో అతని మాట నుంచే మొదలుపెడతాను. మన తాతల కాలంలో ఆ మాట అనగలిగే అవకాశమే మనకు లేదు.

1901వ సంవత్సరం. ఆ ఏడు జరిగిన రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి అమెరికాలోని బోస్టన్‌లో. కింగ్ క్యాంప్ జిలెట్ అనే సేల్స్‌మన్ 'అమెరికన్ సేఫ్టీ రేజర్ కంపెనీ' పెట్టాడు. వాడి పారేసే పల్చటి ఉక్కు బ్లేడు అతని ఆలోచన. అంత పల్చటి రేకుకు పదును పెట్టడం కుదరదని చాలామంది చెప్పారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు కుదిర్చి చూపించాడు. ఈ జిలెట్ 1894లోనే ఒక పుస్తకం రాశాడు. పోటీయే సమాజంలోని చెడుకు మూలమనీ, ఉత్పత్తి అంతా ప్రజలందరిదైన ఒకే సంస్థ కింద ఉండాలనీ అందులో వాదించాడు. అలాంటి మనిషి పేరు చివరికి ప్రపంచంలోని అతి పెద్ద వ్యాపార గుత్తాధిపత్యాల్లో ఒకదానికి బ్రాండుగా మిగిలింది.

రెండోది మన దేశంలో. పదేళ్ళ భీమ్‌రావ్ సతారా నుంచి తండ్రి దగ్గరికి రైల్లో గోరేగావ్ బయలుదేరింది ఆ ఏడే. స్టేషన్లో దిగాక, మహర్ పిల్లలని తెలిసి బండివాడు తోలనంటే రెట్టింపు డబ్బిచ్చి బండి పిల్లలే తోలుకుపోయారు. రాత్రంతా దాహంతో గడిపారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ సంఘటన చదివే ఉంటారు. ఆ అధ్యాయంలోనే అందరూ దాటేసి వెళ్ళిపోయే విషయం ఒకటుంది. వాళ్ళ ఇంట్లో మగపిల్లల జుట్టు కత్తిరించింది పెద్దక్క. తమ్ముళ్ళ తలల మీదే చెయ్యి తిప్పి తిప్పి ఆమె పని నేర్చుకుంది. సతారాలో క్షురకులు లేకపోలేదు, వాళ్ళకిచ్చే డబ్బు సుబేదార్ ఇంట్లో లేకపోలేదు. ఆ రెండు విషయాలూ అంబేద్కరే నొక్కి చెబుతాడు. ఉండీ చెయ్యరు. అదే అంటరానితనం.

పాత మంగలి కత్తి ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. మడత కత్తి. దాన్ని రాతి మీద నూరాలి, తోలు పట్టా మీద సాపు చెయ్యాలి. మెడ మీద నడపాలంటే ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి కావాలి. అందుకే గడ్డం గీయడం ఇంకొకరి చేతిలో ఉన్న పని. ఇంకొకరి చేతిలో ఉన్న ప్రతి పనినీ కులం తన చేతిలోకి తీసుకుంటుంది. నీళ్ళు, బట్టలు ఉతకడం, జుట్టు, పురుడు, పాడె అన్నీ అంతే. సేఫ్టీ రేజర్ చేసిన మార్పు ఇక్కడుంది. బ్లేడును రెండు లోహపు పలకల మధ్య బిగించి, అంచు మాత్రం కొద్దిగా బయటకు వదిలారు. కోణం ఆ పలకలే చూసుకుంటాయి. వారం రోజుల్లో ఎవరైనా నేర్చుకోవచ్చు.

1903లో ఆ కంపెనీ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాదికి రేజర్లు 90 వేలు దాటాయి. ధర 5 డాలర్లు. ఆనాటి కార్మికుడికి వారం కూలిలో పెద్ద ముక్క. 1918లో అమెరికా సైన్యం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు తీసుకుని సైనికులకు పంచింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు తమ గడ్డం తామే గీసుకునే అలవాటుతో ఇళ్ళకు చేరారు. 1921లో పేటెంటు తీరిపోయేదాకా కంపెనీ ధర దించలేదు. తీరిపోతుంటే మాత్రం పాత రకాన్ని డాలరుకు దించింది. "రేజర్ చవగ్గా ఇచ్చి బ్లేడ్ల మీద లాగడం జిలెట్ కనిపెట్టిన కిటుకు" అని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో చెబుతారు. పేటెంటు చేతిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళు నడిపింది దానికి తలకిందులు.

ఇక మన ఊళ్ళలోకి వద్దాం. ఉత్తరాంధ్ర వాళ్ళు బతకడానికి ఎక్కడికి పోయారో మీకు తెలుసు. ఖరగ్‌పూర్ రైల్వే, కలకత్తా జనపనార మిల్లులు, రంగూన్. మా వాడకు మొదటి రేజర్ ఖరగ్‌పూర్ నుంచి మా తాత సంచీలో వచ్చిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆదివారం మా అరుగు మీద వాడలోని మగవాళ్ళంతా వరసగా కూర్చుని గీసుకునేవారట. తాత అనేవాడట: "మనూర్లో మనకి సెయ్యడు గానీ కరగపూర్లో అదే కులపోడు సేత్తాడ్రా. మడిసి మారనేదు, ఊరు మారింది."

ఈ మాటలో పెద్ద విశ్లేషణ ఉంది. మనకు చెయ్యనన్న నాయీబ్రాహ్మణుడు కూడా ఊరి చేతిలో బందీయే. మాలవాడలో కత్తి పెడితే అదే కత్తి మా గడ్డానికి పెడతావా అని పెద్ద కులాలు అతని కళ్ళం గింజలు ఆపేస్తాయి. తానూ సేవకుడే, తననూ శుభకార్యానికి పిలిచి దూరంగా నిలబెడతారు. 1890లో బొంబాయిలో క్షురకులు సమ్మె చేశారు, వితంతువులకు గుండు గీయమని! ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే వాళ్ళను కూడగట్టాడు. కత్తి పట్టినవాడు ఎవరికి "చెయ్యను" అంటాడన్నదే రాజకీయం. వితంతువు మీద దౌర్జన్యం చెయ్యనంటే అది తిరుగుబాటు. దళితుడికి చెయ్యనంటే అది ఊరి ఆజ్ఞ.

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభ అంటరానితనం రద్దు అధికరణాన్ని ఆమోదించింది. షాపుల్లో ప్రవేశంపై చర్చలో 'షాపు' అంటే సరుకులమ్మే కొట్టొకటే కాదనీ, సేవ అందించే చోటు కూడా దాని కిందికే వస్తుందనీ అంబేద్కర్ వివరించాడు. సతారాలో అక్క చేతి కత్తెర కింద కూర్చున్న పిల్లవాడు చెప్పిన నిర్వచనం అది. 1955 అంటరానితనం నేరాల చట్టంలో 'షాపు' అనే మాటకు అర్థం రాస్తూ లాండ్రీనీ, క్షౌరశాలనూ పేరు పెట్టి చేర్చారు. 1976లో అదే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. అంటే సెలూన్ కుర్చీలో కూర్చోవడం మనకు చట్టం రాసిచ్చిన హక్కు.

అమలు సంగతి? శ్రీకాకుళం జిల్లా బిడ్డ జస్టిస్ కోటపల్లి పున్నయ్య కమిషన్ రాష్ట్రమంతా తిరిగి 2001లో నివేదిక ఇచ్చేనాటికి కూడా రెండు గ్లాసుల పద్ధతి బతికే ఉంది. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. సగానికి కాస్త తక్కువ గ్రామాల్లో దళితులకు క్షౌరం చెయ్యడం లేదని అందులో తేలింది. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు దాటాక తీసిన లెక్క ఇది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. రేజర్ వచ్చాక మనం కుర్చీ అడగడం తగ్గించాం. ఇంట్లోనే గీసుకుంటున్నాం, లేదా బస్సెక్కి పట్నం పోతున్నాం. అవమానం తప్పింది. ఊరికి నేరం కూడా తప్పింది! ఎవరూ అడగని చోట ఎవరూ కాదనరు. కాదనని చోట కేసుండదు. "మా ఊళ్ళో అలాంటివి లేవండీ" అని సర్పంచ్ ధైర్యంగా చెప్పగలడు.

కొండ మీది కథ కొంచెం వేరు. సవర, జాతాపు గూడేల్లో మైదానపు ఊళ్ళలో లాగా కులవృత్తుల కట్టుబాటు పాతుకోలేదు. ఒకరి తల ఒకరు గొరుక్కోవడంలో అంటు లేదు. అక్కడ బ్లేడు గడ్డానికంటే ముఖ్యమైన పని చేసింది. ఇంటి కాన్పుల్లో బొడ్డు కోయడానికి కొత్త బ్లేడు వాడండని మంత్రసానులకు నేర్పాక, ఆ పని కోసం ఇచ్చే కిట్లలో అది తప్పనిసరి వస్తువైంది. తల్లీబిడ్డలకు ధనుర్వాతం రాకుండా కాపాడే పనిలో దానికీ చిన్న వాటా ఉంది. సీతంపేట పిల్లలు మైదానంలో చదువుకి దిగినప్పుడే సెలూన్ కుర్చీ రాజకీయం వాళ్ళకు ఎదురవుతుంది.

రేజర్ ఆయుధం కూడా అయింది. 1996 డిసెంబర్ 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను కట్టేసి హింసించి, ఇద్దరికి గుండు గీసి కనుబొమ్మలు కూడా తీసేశారు. 2024 ఏప్రిల్ 16న, 27 ఏళ్ళు దాటాక, విశాఖ కోర్టు ఒక ప్రజాప్రతినిధితో సహా దోషులకు 18 నెలల జైలు శిక్ష వేసింది. 2017లో గుజరాత్‌లో మీసం పెంచారని దళిత యువకులను కొడితే, దేశమంతా మన పిల్లలు మీసాలు మెలేసి ఫోటోలు పెట్టారు. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం బలవంతంగా గుండు గీయడాన్నీ, మీసం తీయడాన్నీ ప్రత్యేకంగా నేరాల్లో చేర్చింది. మన ముఖం మీద వెంట్రుక ఉండాలా వద్దా అన్నది ఈ దేశంలో పార్లమెంటు దాకా వెళ్ళిన విషయం.

ఇప్పుడు డబ్బు సంగతి. సూటిగా చెబుతాను.

రెండంచుల రేజర్లన్నిటికీ ఒకే కొలత బ్లేడు పడుతుంది. కోసేది బ్లేడే. ఎక్కువ డబ్బు పెడితే వచ్చేవి మూడు: లోహం, బిగింపులో నిఖార్సుతనం, బరువు. జర్మనీ మెర్కుర్ 34సి, మ్యూలే ఆర్89 బాగానే ఉంటాయి. కానీ వాటి తల జింకు మిశ్రమం మీద క్రోమ్ పూత. మ్యూలే తలా, ఇంగ్లండ్ ఎడ్విన్ జాగర్ తలా దాదాపు ఒకటే. చేజారి బండ మీద పడినా, పూత లేచి మరలో తుప్పు పట్టినా "జీవితాంతం" అక్కడితో ఆగిపోతుంది. నిజంగా తరాలు నిలిచేవి ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు. 1930ల చివర్లో వచ్చిన జిలెట్ టెక్ రేజర్లు ఇప్పటికీ పని చేస్తున్నాయి. మన దేశంలోనే తయారై విదేశాలకు పోయే పార్కర్ లాంటివి వెయ్యీ రెండు వేల మధ్య దొరుకుతాయి. కొనేముందు తల ఏ లోహమో అడగండి.

వారానికి రెండుసార్లు గీసుకునేవాడికి ఏడాదికి నూరుసార్లు. బ్లేడు ఐదుసార్లు వస్తే ఇరవై బ్లేడ్లు. మూడు రూపాయల చొప్పున అరవై రూపాయలు. అదే మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జి అయితే ఒక్కోటి వంద దాటుతుంది, ఏడాదికి ఎనిమిది వేసుకున్నా వెయ్యి దగ్గరికి పోతుంది. పైగా ఒక కంపెనీ కార్ట్రిడ్జి ఇంకో కంపెనీ పిడికి పట్టదు. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్ళకు మూడు బ్లేడ్లు వెంట్రుకను చర్మం లోపలికంటా కోసి గుల్లలు తెప్పిస్తాయి, ఒక్క బ్లేడే మేలు.

జిలెట్ కంపెనీయే ఒకసారి మన దగ్గర బోల్తా పడింది. 2002లో భారతదేశం కోసమని ఒక రేజర్ చేసి, అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివే మన దేశపు విద్యార్థులకిచ్చి పరీక్షించారు. బ్రహ్మాండమన్నారు. తీరా ఇక్కడ, కుళాయి లేని ఇంట్లో చిన్న గ్లాసు నీళ్ళతో నేల మీద కూర్చుని గీసుకునేవాడికి అది వెంట్రుకలు ఇరుక్కుని మొరాయించింది. తర్వాత మన ఇళ్ళలో కూర్చుని చూసి 2010లో 15 రూపాయల 'గార్డ్' తెచ్చారు. దానికి కార్ట్రిడ్జి ఐదు రూపాయలు. మన పేరు చెప్పి ఎవరిని అడిగారన్నది రేజర్ విషయంలోనూ ముఖ్యమే. కమిటీల్లో, కమిషన్లలో కూడా ఇదే గుర్తు పెట్టుకోండి.

కాబట్టి తమ్ముళ్ళూ, చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్ డబ్బు నాలుగు వేలు రేజర్‌కు పెట్టొద్దు. వెయ్యి లోపు లేదా కాస్త పైన గట్టి రెండంచుల రేజర్ ఒకటి కొనండి. బ్లేడ్లు మారుస్తూ మీ చర్మానికి పడేది చూసుకోండి. ఒకరి బ్లేడు ఇంకొకరు వాడొద్దు. ఉద్యోగం వచ్చాక మోజు పడి స్టీలుది కొనుక్కుంటే నేనేమీ అనను. మంచి వస్తువు మీద మోజు మనకూ ఉండొచ్చు.

కానీ ఆర్నెల్లకోసారైనా మీ సొంత ఊళ్ళో సెలూన్‌కు వెళ్ళండి. పట్నంలో కాదు, మీ ఊళ్ళోనే. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఖాళీ కుర్చీలో కూర్చోండి. గీస్తే డబ్బిచ్చి, దండం పెట్టి, అతనితో నాలుగు మాటలు మాట్లాడి రండి. అతను మనవాడే. కాదంటే అతన్ని తిట్టకండి. ఎవరు వద్దన్నారో అడగండి. తేదీ, టైము, సాక్షుల పేర్లు కాగితం మీద రాసుకుని మండల కేంద్రానికి నడవండి.

వచ్చే భాగంలో చెప్పుల గురించి.

జై భీమ్. జై ఆదివాసీ.